తప్పిన బాణము



నలువది యేండ్లు దాటిన తరువాత మొదటిసారి విల్లు పట్టిన పాస్టరును మీలో ఎవరును చూచియుండరు. మమ్మును చూచినవారు మా గ్రామపు పిల్లలు, గట్టున మేయుచున్న రెండు గేదెలు, బడి పిట్టగోడమీద కూర్చున్న ఇద్దరు సంఘ పెద్దలు. పెద్దలు నవ్వలేదు గాని, నవ్వు ఆపుకొనుటకు వారు పడుచున్న ప్రయాస మాకు కనబడుచునే యుండెను. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ విల్లు పాఠమును గురించియే. అయితే అంతకు ముందే ఒక ప్రశ్న మా మనస్సులో ముల్లువలె విరిగి యుండిపోయినది. దానిని ముందుగా చెప్పనిదే విల్లు సంగతి మీకు పూర్తిగా తెలియదు.

ఈ సంవత్సరము జనవరి మాసములో, కోత పండుగ దినములలో, ప్రక్క గ్రామమున మేము పాటల కూటము జరిపితిమి. కూటము ముగిసిన తరువాత మా సంఘపు యౌవనస్థులు ఇద్దరు చెరియొక మోటారు సైకిలుమీద చెరువుగట్టు దారిన ఇంటికి బయలుదేరిరి. చీకటి పడుచుండెను. ఇద్దరును పోటీపడి వేగముగా నడిపిరి. ముందున్నవాడు క్షేమముగా ఇల్లు చేరెను. వెనుకవాడు మలుపు తిరుగుచుండగా గడ్డిమోపుతో ఎదురువచ్చుచున్న ఒక వృద్ధుని గుద్దెను. ఆ పెద్దాయన తొడ యెముక విరిగెను. మూడు మాసములు మంచముమీద నుండి, ఇప్పుడు కర్ర ఊతముతో నడచుచున్నాడు.

సంఘ పెద్దలు కూడిరి. అధ్యక్షత వహించినది మేమే. గుద్దినవానిని గాయకబృందమునుండి తొలగించి, ఆరు మాసములు ప్రభువు బల్లకు దూరముగా ఉండవలెనని తీర్మానించితిమి. వైద్యపు ఖర్చులో కొంత భాగము వాని తండ్రి అప్పు చేసి యిచ్చెను. ఇల్లు చేరినవాని మాట ఆ కూటములో ఎవరును ఎత్తలేదు. పై ఆదివారమున పాత నిబంధన పాఠము చదువుటకు మేమే వానిని పేరుపెట్టి పిలిచితిమి. వాడు చక్కగా చదివెను కూడ.

ఆరాధన అయిన తరువాత గుద్దినవాడు మా యింటి అరుగు దగ్గరకు వచ్చి నిలువబడెను. లోపలికి రమ్మనినను రాలేదు.

"అయ్యగారూ, నేను చేసింది తప్పేనండి. కాదనను. కాని మేమిద్దరం ఒకే దారిలో, ఒకే వేగంతో వచ్చామండి. ఆ తాత ఒక్క నిమిషం ముందుగా పొలంలోంచి బయలుదేరి ఉంటే వాడే గుద్దేవాడు. ఈ పూట బైబిలు నేను చదివేవాణ్ణి. మరి పాపం నాదాండి, ఆ నిమిషానిదాండి?"

మేము ఏదో చెప్పితిమి. ఏమి చెప్పితిమో వ్రాయుటకు ఇప్పుడు సిగ్గుగా నున్నది. దేవుని చిత్తమనియో, ఓర్చుకొమ్మనియో చెప్పియుందుము. వాడు తల ఊపి వెళ్లిపోయెను. మూడు సంవత్సరములు సెమినరీలో చదివి, ఇరువది సంవత్సరములుగా ప్రసంగించుచున్న మాకు ఆ కుర్రవాని ప్రశ్నకు జవాబు లేకపోయెను.

ఇక విల్లు సంగతి.

విలువిద్య యనగానే మనవారికి పురాణ కథలు గుర్తుకు వచ్చును. అయితే ఈ దినములలో అది మన పిల్లలు బడి మైదానములో నేర్చుకొనుచున్న ఆట. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనా దేశపు హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలుచుకొనెను. ఆ పట్టణపువాడే యైన బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకిత భకత్‌తో జతకూడి నాలుగవ స్థానము సంపాదించెను. ఒక్క మెట్టు పైకి వెళ్లినయెడల పతకము వచ్చియుండెడిది. ఆ పోటీలలో గురి 70 మీటర్ల దూరముననుండును. గురికాగితము అడ్డము 122 సెంటీమీటర్లు. దాని నడుమ పది మార్కులు వచ్చు వలయము అడ్డము 12.2 సెంటీమీటర్లు మాత్రమే. మన యింటి ఉప్పుగిన్నె మూతయంత దానిని వారు అంత దూరమునుండి కొట్టవలెను.

ఇట్టి వార్తలు చదివి ఉత్సాహపడిన మా గ్రామపు డ్రిల్లు మాస్టరుగారు నాలుగు విండ్లును, రెండు డజన్ల బాణములును, గడ్డిని గట్టిగా కుదించి కట్టిన ఒక గురిబల్లయు ఎక్కడనుండియో సంపాదించి, వేసవి సెలవులలో పిల్లలకు నేర్పుట మొదలుపెట్టిరి. మా సండేస్కూలు పిల్లలు పదిమంది వెళ్లుచుండిరి. వారిని చూచివత్తమని ఒక సాయంకాలము మేము వెళ్లగా, "మీరూ ఒక చెయ్యి వెయ్యండి పాస్టరుగారూ, సిగ్గెందుకు" అని మాస్టరుగారు పిలిచిరి. ఆయన మన సంఘపువారు కారు. అయినను పాత నిబంధన వ్రాయబడిన హెబ్రీ భాషలో 'మోరె' అను మాట విలుకానికిని చెల్లును, బోధకునికిని చెల్లును. ఆయన యెదుట నిలిచినప్పుడు ఆ మాట ఎంత సరియైనదో మాకు తెలిసెను.

ఆయన మొదట మాకు విల్లు ఇయ్యలేదు, నియమములు చెప్పిరి. ఈల రెండుసార్లు మ్రోగిన గీతమీదికి రావలెను. ఒకసారి మ్రోగిన బాణములు వేయవలెను. మూడుసార్లు మ్రోగిన తరువాతనే అందరును కలిసి బాణములు తెచ్చుకొనుటకు వెళ్లవలెను. అప్పుడును నడువవలెనే గాని పరుగెత్తకూడదు. బాణము తొడిగియున్నను లేకున్నను వింటిని మనుష్యులవైపు లాగకూడదు. బాణము లేకుండ వట్టి నారిని లాగి ఎన్నడును విడువకూడదు. ఏలయని మేము అడిగితిమి. "లాగినప్పుడు మీ బలమంతా వింటిలోకి పోతుందండి. బాణం ఉంటే అది తీసుకుపోతుంది. లేకపోతే ఆ బలం వింటిమీదే తిరగబడి దాన్నే పగలగొడుతుంది" అని ఆయన చెప్పిరి. కోపమును గురించి మేము ఎన్నో ప్రసంగములు చేసితిమి గాని ఇంత సూటియైన మాట మాకెన్నడును దొరకలేదు.

మాకిచ్చిన విల్లు 18 పౌనులది. అనగా పూర్తిగా లాగినప్పుడు చేతికి సుమారు ఎనిమిది కిలోల బరువు తెలియును. పెద్ద పోటీలవారు దానికి రెండింతలకు మించిన బరువు లాగుదురట. ఇది చిన్నపిల్లల విల్లు గదాయని మేము లోలోపల అనుకొంటిమి. పది బాణములకే భుజము వణకెను.

గురికి అడ్డముగా నిలువవలెను. ఎడమ భుజము గురివైపు, గీతకు ఆవల ఒక పాదము, ఈవల ఒక పాదము. బాణము వెనుకనున్న గాడి నారికి టిక్కుమని తగులుకొనవలెను. మూడు ఈకలలో రంగు వేరుగా నున్నది వింటికి దూరముగా, మనవైపునకు తిరిగియుండవలెను. చూపుడు వ్రేలు బాణమునకు పైన, తరువాతి రెండు వ్రేళ్లు క్రింద. నారి వ్రేళ్ల మొదటి కణుపు మడతలో నిలువవలెను. ఇంతవరకు పిల్లలు ఒక్క పూటలో నేర్చిరి, మేమును నేర్చితిమి. మమ్మును తిప్పలు పెట్టినది ఎడమచేయి. విల్లు పట్టిన చేతిని బిగింపకూడదట. బొటనవ్రేలి మొదటనున్న మెత్తపై విల్లు ఆనుకొనియుండిన చాలును, వ్రేళ్లు వదులుగా ఉండవలెను. చేతిలో ఆయుధము ఉన్నప్పుడు పిడికిలి బిగించుట మనుష్యుని స్వభావము. బిగించిన పిడికిలియో బాణము వెడలు క్షణమున వింటిని ప్రక్కకు త్రిప్పును. మాస్టరుగారు మా వెనుక నిలిచి తమ చేయి మా చేతిమీద ఉంచి, ఒక్కొక్క వ్రేలును సడలించిరి. ఎలీషా ప్రవక్త మరణశయ్యమీదనుండి ఇశ్రాయేలు రాజైన యెహోయాషు చేతులమీద తన చేతులు ఉంచి కిటికీలోనుండి బాణము వేయించిన సంగతి మీరు రెండవ రాజుల గ్రంథములో చదివియుందురు. ఆ రాజు చేతులు ఎంత బిగిసియుండెనోయని మాకు అప్పుడు తోచెను.

లాగుట వీపుతో లాగవలెను. లాగిన కుడిచేతిని గడ్డము క్రింద ప్రతిసారియు ఒక్క చోటనే ఆనింపవలెను. నారి గడ్డమునకును ముక్కు కొనకును తగులును. ఆ చోటు వ్రేలెడు మారినను, పది మీటర్ల దూరమున బాణము పడుచోటు జానెడు మారును. ఇక విడుచుట. "వదలడమంటే వేళ్ళు విదిలించడం కాదండి, పట్టుకోవడం మానెయ్యడం" అని ఆయన ఎన్నిమారులు చెప్పిరో లెక్కలేదు. విడిచిన తరువాత బాణము గురిని తాకు వరకు ఎడమచేయి అక్కడనే నిలిచియుండవలెను. మేము ప్రతిసారియు చేయి దించుచుంటిమి. "బాణం ఎక్కడ పడిందో చూడాలనే తొందర మీకు. ఆ తొందరవల్లే అది తప్పుతోంది" అనిరి.

ఇందులో మాకు వింతగా తోచినది ఒకటి కలదు. మొదటి వారము గురిబల్లమీద గురికాగితమే లేదు. అయిదు అడుగుల దూరమున నిలిచి వట్టి గడ్డిబల్లలోనికి బాణములు వేయవలెను. చెట్టుమీది పక్షి కన్ను తప్ప మరేమియు కనబడలేదని చెప్పిన శిష్యుని కథ మనదేశములో ఎరుగనివారు లేరు. ఆ కథను మనస్సులో ఉంచుకొని, "గురి ఏదండీ?" అని మేము అడిగితిమి. "మీకు గురి ఇప్పుడే వద్దండి. గురి కనబడితే దాన్ని కొట్టాలనిపిస్తుంది. అప్పుడు చెయ్యి చెడుతుంది. ముందు చెయ్యి కుదరనివ్వండి" అని మాస్టరుగారి జవాబు.

రెండవ వారమున కాగితము అంటించి, గీతను పది మీటర్లు వెనుకకు జరిపిరి. అంచున తెలుపు, తరువాత నలుపు, నీలము, ఎరుపు, నడుమ బంగారు రంగు. మేము ఆరు బాణములు వేసితిమి. అయిదు బాణములు గురికి ఎడమప్రక్కను, ఒకటి రెండు కాగితమును దాటి, వరుసగా పడెను. ఆరవది సరిగా బంగారు వలయములో దిగెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. గోడమీది పెద్దలలో ఒకరు "భేష్ అయ్యగారూ" అనిరి. మేమును, దాచుట ఎందుకు, సంతోషముతో ఉబ్బితిమి.

మాస్టరుగారు మాత్రము తల అడ్డముగా ఊపిరి. "ఆరింటిలో చెడ్డది అదేనండి" అనిరి.

మాకు కోపమువంటిది వచ్చెను. ఆయన వివరించిరి. "మొదటి అయిదింటిలో ఒకే తప్పు ఉంది, ఎడమకి గురిపెడుతున్నారు. ఆరోదానికీ ఎడమకే గురిపెట్టారు. పైగా వదిలేటప్పుడు విల్లుచేతిని కుడికి తోశారు. రెండు తప్పులు కలిసి బాణాన్ని మధ్యలో పడేశాయి. దీన్ని చూసి మురిసిపోతే మీరు జన్మలో నేర్చుకోరు." అటు తరువాత ఆయన తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక చిన్నదాని బాణములను మాకు చూపిరి. ఆరును క్రిందిమూలన నలుపులో, అరచేయి వెడల్పులో గుంపుగా దిగియున్నవి. ఒక్కటియు బంగారును తాకలేదు. "ఈ పిల్ల చెయ్యి కుదిరింది. ఆరుసార్లూ ఒకే పని చేసింది. గురి కాస్త పైకి మార్చుకుంటే చాలు." ఆ చిన్నది సిగ్గుపడి తల దించుకొనెను. దానికి చప్పట్లు కొట్టినవారు ఎవరును లేరు.

మా బాణములు ఎడమకు ఏల పోవుచున్నవి? గాలియని అంటిమి, ఆకు కదలుట లేదు. విల్లు వంకరయని అంటిమి, అదే వింటితో ఒక పిల్లవాడు తిన్నగా వేసెను. అప్పుడు మాస్టరుగారు మా రెండు అరచేతులను ముందుకు చాపించి, బొటనవ్రేళ్ల నడుమ చిన్న సందు చేయించి, రెండు కన్నులతోను ఆ సందులోనుండి దూరమున నున్న తాటిచెట్టు మొవ్వును చూడుమనిరి. తరువాత ఒక్కొక్క కన్ను మూయుమనిరి. ఎడమకన్ను మూసినప్పుడు తాటిచెట్టు మాయమాయెను. కుడికన్ను మూసినప్పుడు అక్కడనే యుండెను. మేము కుడిచేతివాటము వారమైనను, మాకు గురిచూచు కన్ను ఎడమదని ఆ దినమున తెలిసెను. బాణము కుడికన్ను క్రింద నున్నది, చూచుచున్నది ఎడమకన్ను. ఇక తిన్నగా ఎట్లు పోవును? పిల్లలందరికి ఈ పరీక్ష మొదటి దినముననే జరిగినది. మేము నడుమ వచ్చి చేరితిమి గనుక తప్పిపోయినది. చిన్నవారైనయెడల చేతిని మార్చి ఎడమచేతివాటముగా నేర్పుదురట. న్యాయాధిపతుల గ్రంథములోని బెన్యామీనీయుల ఎడమచేతివాటపు వడిసెలగాండ్రు ఏడువందలమందిని తలంచుకొని మేము ధైర్యము తెచ్చుకొంటిమి గాని, మా వయస్సు చూచి మాస్టరుగారు ఎడమకంటికి చేతిరుమాలు కట్టుమనిరి. పెద్దలు ఇక నవ్వు ఆపుకొనలేకపోయిరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భుజము నొప్పి యొక కారణము. 'ఆరింటిలో చెడ్డది అదే' అను మాట రెండవ కారణము.

పాపమనగా గురి తప్పుట యని మేము సెమినరీలో నేర్చుకొంటిమి. హెబ్రీ భాషలో పాపమునకు వాడు 'హాటా' అను ధాతువునకు గురి తప్పుట యని అర్థము. ఇప్పుడే చెప్పిన ఆ ఏడువందలమంది తలవెండ్రుకకైనను గురి తప్పరని చెప్పుచోట ఉన్నది ఆ మాటయే. గ్రీకులో క్రొత్త నిబంధన వాడిన మాటయు అట్టిదే. హోమరు కావ్యములో ఈటె తప్పిపోయినప్పుడు ఆ క్రియనే వాడెను. ఈ సంగతిని మేము ఎన్ని ప్రసంగములలో చెప్పితిమో! వినుటకు చక్కగా ఉండును, జ్ఞాపకముండును. అయితే మాట పుట్టిన చోటు వేరు, మాట చేయు పని వేరు. పాపమనగా బాణము తప్పుచోట పడుటయే యైనయెడల, మా ఆరవ బాణము నీతిమంతమైనది, ఆ చిన్నదాని ఆరు బాణములును పాపములు. ఇల్లు చేరిన కుర్రవాడు నీతిమంతుడు. మేము బల్లచుట్టు కూర్చుండి తీర్మానించినదియు సరిగా అదియే గదా.

మరి దావీదు సంగతి యేమి? రబ్బా పట్టణపు ముట్టడిలో గోడమీది విలుకాండ్రు బాణములు వేయగా చనిపోయినవారిలో ఊరియా యొకడు. ఆ బాణమును నిజముగా విడిచినవాడు గోడమీద లేడు. యెరూషలేములో కూర్చుండి యొక ఉత్తరము వ్రాసి, దానిని ఊరియా చేతికే ఇచ్చి పంపెను. దావీదు గురి తప్పలేదు. అనుకొన్నవాని అనుకొన్నచోట కొట్టెను. అతని జీవితములో అంత ఘోరమైన పాపము మరియొకటి లేదు.

యోనాతాను బాణముల సంగతి దీనికి ఎదురుగా నున్నది. మొదటి సమూయేలు ఇరువదియవ అధ్యాయము ఈ నెలలో ఒకమారు ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుడి. స్నేహితుని ప్రాణము కాపాడుటకు అతడు పిల్లవానికి ఆవలగా, కావలెననియే దూరముగా బాణము వేసెను. చూచువారికి అది తప్పిన బాణము. పొలములో దాగియున్న దావీదుకు అది తప్పలేదు. ఇక రామోత్గిలాదు యుద్ధములో ఒక సైనికుడు ఎవరిని కొట్టుచున్నాడో ఎరుగకయే విల్లు లాగి విడిచెను. ఆ బాణము మారువేషములో నున్న అహాబు రాజు కవచపు సందున తగిలెను. హెబ్రీ మూలములో అక్కడనున్న మాటకు కపటము లేకుండ, ఏమియు తెలియకుండ అను భావము కలదు. రాజును కొట్టిన ఘనత ఆ విలుకానికి గ్రంథము ఇయ్యలేదు. అతని పేరైనను చెప్పలేదు.

ఇంతవరకు వచ్చునప్పటికి ఆ కుర్రవాని ప్రశ్నకు జవాబు దొరికినదని మేము అనుకొంటిమి. ఇద్దరి చేయి ఒకటే, ఇద్దరి తప్పు ఒకటే, బాణము పడినచోటుతో పని లేదు. తెల్లవారగనే వానిని పిలిచి ఆ మాట చెప్పుదమని లేచితిమి. చెప్పలేదు. ఎందుకనగా ఆ దారిలో వెళ్లుచుండగా ఆ పెద్దాయన కర్ర పట్టుకొని నీళ్లబిందెను వంగి లేపలేక నిలువబడియుండుట కనబడెను. బాణము పడినచోటుతో పని లేదని ఆయనతో ఎవరు చెప్పగలరు?

మోషే ధర్మశాస్త్రము ఈ రెంటిని విడిచిపెట్టలేదు. ఒకడు అడవిలో చెట్టు నరకుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయినయెడల, నరికినవాడు హంతకుడు కాడు. వాడు ఆశ్రయపురమునకు పారిపోయి బ్రదుకవచ్చును. అయినను వాడు మరునాడే ఇంటికి తిరిగి రాకూడదు. ప్రధానయాజకుడు మరణమగువరకు ఆ పురములోనే ఉండవలెను. చేయి దోషము లేనిదైనను, పడినచోట ఒక మనుష్యుడు పడియున్నాడు గనుక. మన ప్రభుత్వపు చట్టము కూడ అజాగ్రత్తగా బండి నడిపినవానికి ఒక శిక్షయు, అట్లు నడిపి గాయపరచినవానికి అంతకంటె పెద్ద శిక్షయు పెట్టుచున్నది. అది న్యాయస్థానమునకు తగును. గాయము అక్కడ ఋజువు చేయవచ్చును. చేతిలోని తప్పు ఎట్లు ఋజువగును? సంఘము పని మాత్రము మరియొకటి యని మాకు తోచుచున్నది, అయితే దానిని చక్కగా మాటలలో పెట్టుట మాకు చేతకాలేదు. విల్లు మైదానములో జరిగిన యొక చిన్న సంగతి చెప్పెదము.

రుమాలు కట్టుకొని వేసిన రెండవనాడు మా బాణమొకటి గురిబల్ల మీదుగా ఎగిరి, ఆవలి జొన్న చేనుగట్టున గడ్డిలో పడిపోయెను. మూడు ఈలలు మ్రోగెను. తక్కినవారు బల్లకు ఒక అరచేయి ఆనించి, వెనుక ఎవరును లేరని చూచుకొని, తమ బాణములు పెరికికొనిరి. మేము, ఒక్క బాణమే గదా, పోనిండని అంటిమి. మాస్టరుగారు ఒప్పుకొనలేదు. "గేదెలు మేసే చోటండి. గిట్టలో దిగితే ఆ జంతువు పని అయిపోయినట్టే. ఎవరి బాణం వాళ్ళే వెతకాలి. దొరికేదాకా ఇవాళ ఆట లేదు." పంచె ఎగగట్టి మేము గడ్డిలోనికి దిగితిమి. సాయంత్రపు ఎండ కన్నులలో కొట్టుచుండెను. కొంతసేపటికి వెనుక అలికిడి విని చూడగా, పిల్లలు గడ్డిలో వరుసగా నడచుచు పాదములతో తడవుచు వచ్చుచుండిరి. ఆ నల్లగుంపు చిన్నది ముందున్నది. వారిని ఎవరును పంపలేదు. వారి బాణములు ఒక్కటియు తప్పలేదు. బాణము దానికే దొరికెను. ఈకలు తప్ప తక్కినదంతయు నేలలో దూరియున్నది.

ఆ బాణము చేత పట్టుకొని వచ్చుచుండగా మేము అంతవరకు మాతో మేమే చెప్పుకొననిది జ్ఞాపకమునకు వచ్చెను. జనవరి మాసపు ఆ సాయంకాలమున, కూటము జరిగిన యింటి గుమ్మములో, ఆ ఇద్దరు కుర్రవాండ్రు పందెము వేసికొనుట మేము విన్నాము. ఎవరు ముందు మన ఊరి సిలువగుడి చేరుదురోయని వారు అనుకొనుచుండిరి. కుర్రతనమని మేము నవ్వితిమి. నిదానముగా వెళ్లుడని ఒక్క మాట చెప్పలేదు. క్రొత్త యిల్లు కట్టువాడు మేడచుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము ఆజ్ఞాపించుచున్నది. ఎవడైన దానిమీదనుండి పడిన తరువాత విచారించుట కాదు, పడకముందు గోడ కట్టుట యజమానుని పని. మేము గోడ కట్టలేదు. తరువాత పెద్దల కూటములో అధ్యక్ష స్థానమున కూర్చుండి, ఒకనిని శిక్షించి, ఒకనిని పాఠము చదువుటకు పిలిచి, మా మాట ఎత్తకయే లేచితిమి. ఏ కన్నుతో చూచితిమో చదువరులే తీర్మానించుదురు గాక.

ఈ సంగతిని మేము పై ఆదివారమున సంఘము ఎదుట చెప్పితిమి. కొందరు కన్నీళ్లు తుడుచుకొనిరి. కొందరికి నచ్చలేదు. ఒక పెద్ద, మంచివారే, ఆరాధన తరువాత మాతో, "ఇల్లు చేరినవాణ్ణి కూడా దోషిని చేస్తే, అయ్యగారూ, ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడూ దోషే అవుతాడు. ఎంతమందిని బల్లకి దూరంగా పెడతారు?" అనిరి. ఆయన మాటలో బలమున్నది. ఇద్దరికి సమానముగా శిక్ష వేయవలెనని మేము అనుట లేదు. గుద్దినవాని ఆరు మాసములు రద్దు చేయుదమని మేము ప్రస్తావింపగా పెద్దలు రెండు పక్షములైరి. ఆ సంగతి ఇంకను తేలలేదు. వాడు మాత్రము, "ఉండనివ్వండి అయ్యగారూ, జూలై ఎంతో దూరం లేదు" అనెను.

ఇల్లు చేరినవానికి మేము ఏమియు చెప్పలేదు. మే నెల చివర ఒక శనివారము గుద్దినవానిని వెంటబెట్టుకొని ఆ పెద్దాయన యింటికి బయలుదేరితిమి. చెరువుగట్టు మలుపు దగ్గర రెండవవాడు బండి లేకుండ నిలువబడియుండెను. మాతో కలిసి నడచెను.

పెద్దాయన నులకమంచముమీద కూర్చుండి చుట్ట చేసికొనుచుండెను. మమ్మును చూచి కర్ర పట్టుకొని లేవబోగా వద్దంటిమి. గుద్దినవాడు ఆయన పాదముల దగ్గర కూర్చుండెను. వానికి మాట రాలేదు. పెద్దాయన వానిని కొంతసేపు చూచి, తరువాత రెండవవానివైపు తిరిగెను.

"నువ్వెందుకొచ్చావురా? నన్ను గుద్దింది వీడు గదా?"

"నేనూ ఆ దారినే వచ్చాను తాతా. ఆ పందెంలోనే."

పెద్దాయన చుట్ట వెలిగించుకొనెను. పైకప్పువైపు చూచెను. పాత తాటాకు సందులలోనుండి ఎండ మంచముమీద చుక్కలు చుక్కలుగా పడుచుండెను.

"అయితే ఇద్దరూ పైకెక్కండి. నేనెక్కలేను, వానలు దగ్గరికొచ్చాయి. ఆకు దొడ్లో ఉంది" అనెను. తరువాత మావైపు చూచి, "అయ్యగారు కింద నుంచి అందిస్తారులే" అనెను.